గడప బయట మంచం

జనగామలో మేమున్న ఇంటికి కిరాయి పెరగదు. పెంచొద్దని కోర్టు చెప్పింది. చెప్పించింది మా నాయిన. బియ్యం మిల్లులో గుమాస్తా పని చేస్తూనే వకీలు ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, ఇంటాయన మీద కేసు గెలిచాడు. ఆ రోజు మిఠాయి పొట్లం తెచ్చి, "సర్కారున్నదే గరీబోళ్ల కోసం" అంటూ మా అందరి నోళ్లలో తలా ఒక ముక్క పెట్టాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతపడ్డ ఏడాది ఆ ఇంట్లో దిగాం. అప్పటినుంచి ఆ రోజు దాకా నాయిన మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

ఇరుక్కున్నామని గెలిచాకే తెలిసింది. ఆ వానాకాలం పెంకులు జరిగి వంటింట్లో నీళ్లు కారుతుంటే అమ్మ వెళ్లి చెప్పింది. పక్క వాటాలోనే ఉండే ఇంటామె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలైనా ఎత్తకుండా, "మీ సర్కారునే వచ్చి కప్పుమను" అంది. పోనీ వేరే ఇల్లు చూసుకుందామంటే ఊరందరికీ మేం 'కేసోళ్లం'. తాళం వేసిన తలుపు ముందే నిలబడి "ఖాళీ లేదక్కా" అనేవాళ్లు. సొంతానికి జాగా కొందామా అంటే, స్టేషను అవతల జాగాల ధర నాయిన జీతానికి ఎప్పుడూ అందలేదు.

"కిరాయికి హద్దు పెట్టిన సర్కారు జాగల ధరకెందుకు పెట్టదే?" అని నాయిన రోజూ అన్నం ముందు కూర్చుని అడిగేవాడు.

"నన్నడిగితే ఏమొస్తది, కలెక్టర్నడుగు. కూర సల్లారుతాంది, తిను" అనేది అమ్మ.

ఆ ఇంట్లో దిగి పదేళ్లు దాటాక, ఎనభైల్లో, నాయినమ్మ మంచం పట్టింది. మూడోనాడే ఇంటామె మా తలుపు దగ్గరికి వచ్చింది.

"పాణం పొయ్యేటట్టుంటే ముందే బయటికి తేండ్రి. మా ఇంట్ల పీనుగు లేవద్దు. పెండ్లీడు పిల్లలున్నరు మాకు."

మా వైపు ఇది కొత్త మాటేం కాదు. కిరాయికున్నవాళ్ల చావు ఇంట్లో జరిగితే ఆ ఇంటికి అరిష్టమంటారు. అందుకని ఆఖరి ఘడియలో మంచాన్ని వాకిలి దాటిస్తారు. అమ్మకు మాత్రం మండింది.

"నా చిన్న కొడుకు గీ ఇంట్లనే పుట్టిండు గదక్కా! పుట్టుడుకు లేని అరిష్టం సావుకేంది?"

నేను నాయిన వైపు చూశాను. ప్రతి దానికీ కోర్టంటూ లేచే మనిషి తల దించుకున్నాడు. "ఆమె అన్నది నిజమే" అన్నాడు మెల్లగా. ఆయనకూ ఆ నమ్మకమే. ఇంటామె మీద కంటే నాయిన మీదే నాకు ఎక్కువ కోపమొచ్చింది. మా సొంతూరు కొడకండ్లకు తీసుకుపోదామంటే, అక్కడి ఇల్లు ఎప్పుడో కూలి మొండిగోడల మధ్య తుమ్మలు మొలిచాయి.

ఒక మధ్యాహ్నం నాయినమ్మ గొంతులో గురక మొదలైంది. కళ్లు తేలేసింది. నాయిన, పక్కింటివాళ్లు నులక మంచాన్ని ఎత్తి గల్లీలో దించారు. నాయిన తులసి నీళ్లు పోశాడు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. నాయినమ్మ గుటక వేసి కళ్లు తెరిచింది.

"గీ ఎండల పండబెట్టిండ్రేంది? జర చాయ్ పొయ్యండ్రి."

ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ మంచం పట్టె పట్టుకుని లోపలికి పదండి అనేసరికి, ఇంటామె గడపకు అడ్డంగా నిలబడింది.

"సావుకని ఎల్లిన మంచం మళ్ల లోపలికొస్తదా? ఏడనన్న ఉన్నదా?"

లేదు. ఎక్కడా లేదు. తొందరపడి బయటికి తెచ్చింది మేమే.

ఇక నాయినమ్మ గల్లీలోనే ఉండిపోయింది. నాలుగు కర్రలు పాతి పైన గోనెసంచులు కప్పాం. కోర్టు మాకు నిలబెట్టిన రెండు గదులు లోపల, ఆమె బయట మురుగు పారే మోరీ పక్కన. దారిన పోయేవాళ్లు "ఇంకా ఉన్నదా?" అని నాయినను అడిగేవాళ్లు, ఆమెకు వినపడేలా. నేను తల దువ్వుతుంటే ఒకసారి నా చెయ్యి పట్టుకుంది.

"సావు రాకపాయె బిడ్డా, నేనేం జెయ్యను?"

తప్పు చేసినట్టు అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఒక సాయంత్రం పెద్ద వాన కొట్టింది. గోనెసంచులు తడిసి మంచం మీదికి వేలాడాయి. అమ్మ చేతిలోని గిన్నె విసిరేసి వెళ్లి, నాయినమ్మను చంటిపిల్లలా ఎత్తుకుంది. "ఎవలడ్డమొస్తరో రానీ! కిరాయి కడుతున్నం, ఫుకట్‌గ ఉంటలేం" అని అరుస్తూ గడప దాకా తెచ్చింది. ఇంటామె చూస్తూ నిలబడింది. వద్దనలేదు, రమ్మననూ లేదు.

ఆపింది నాయినమ్మే. రెండు చేతులతో దర్వాజ పట్టుకుంది.

"ఒద్దు బిడ్డా. నేను పొయ్యేదాన్నే. నేను లోపల పోతే, రేపు మీకు ఇల్లెవలిస్తరు?"

ఆ వేళ్లు విడిపించాలని నేనూ అమ్మా చూశాం. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో ముసలిదానికి! చివరికి అమ్మే ఓడిపోయి మళ్లీ మంచం మీద పడుకోబెట్టింది. నాయిన తన గొంగడి తెచ్చి కప్పాడు. తెల్లారేసరికి ఆ గోనెసంచుల కిందే పోయింది.

ఇంటామె అందరికంటే గట్టిగా ఏడ్చింది. దినాలయ్యాక నాయిన కిరాయి ఇవ్వబోతే కోర్టు చెప్పినంతే తీసుకుంది.

ఆ ఇంట్లోనే చాలా ఏళ్లున్నాం. అంత తక్కువ కిరాయికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ తర్వాత నాయినకు ఎప్పుడు జ్వరమొచ్చినా, ఎవరూ చెప్పకముందే, తన మంచం తానే ఎత్తుకుని బయటికి నడిచేవాడు.