సంచుల మీది పసుపు తొడుగు

అవి ఎన్నికల రోజులు. సీటు వెనక సంచులు కట్టుకుని పులివెందుల వైపు పోతున్నాను. బైకు చైను మాటిమాటికీ ఊడిపోతుంటే విసిగిపోయి, జమ్మలమడుగులో ఒక షెడ్డు దాకా ఎండలో తోసుకొచ్చాను. మెకానిక్ మహబూబ్ పానా పట్టుకోకుండా బండిని చూస్తూ నిలబడ్డాడు.

“ముందు ఆ సంచుల మీది పసుపు తొడుగు తియ్యప్పా.”

“అది వానకు వేసింది. చైనుకూ దానికీ ఏం సంబంధం?”

“ఈడ అది పార్టీ రంగు. గంటసేపు నా అంగడి ముందర కనబడితే, నేను వాళ్ల మనిషినంటారు.”

“ఇంత పిరికితనమేంటయ్యా!” అని అరిచాను.

“నువ్వు బండి బాగైతానే పోతావు. రేపు ఈ అంగడి తెరవాల్సింది నేనప్పా.”

తొడుగు విప్పాను. చైను బిగించాక అతనే దాన్ని తిరగేసి, లోపలి నలుపు పైకి వచ్చేలా సంచులకు కట్టాడు.

“పులివెందుల దాకా ఇట్లనే పో” అన్నాడు.

పిరికితనమన్నందుకు తప్పైందని చెప్పాల్సింది. ఎండను తిట్టుకుంటూ బండెక్కి వచ్చేశాను.