పటంలో నీళ్లు చూపిన చోటికి అద్దె కారులో

ఈ సంతోషం ఒక్కడినే దాచుకోలేక రాస్తున్నాను. పోయిన నెల మా కూతురు సువార్తకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. "నాయనా, మొదట యాడికి పోదాం?" అంది. నేను నోరు తెరవకముందే నా భార్య మార్తమ్మ, "మీ అన్న దగ్గరికి" అంది. మా మొదటి బిడ్డ రత్నం రెండేళ్ల వయసులో జ్వరంతో పోయాడు. కృష్ణ ఒడ్డున మా ఊరి చర్చి పక్కనే పూడ్చి, పైన కడప బండ పరిచాం. మరుసటి ఏడు డ్యాము నీళ్లు ఊరిని ముంచేశాయి. నలభై ఏళ్లు దాటింది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు రెండుసార్లు నేనొక్కడినే వెళ్లి వెతికినా దొరకలేదు. బస్సు దిగి ఆరు కిలోమీటర్లు నడవడం మార్తమ్మ మోకాళ్ల వల్ల కాదు. ఈస్టరుకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తుంటే ఆమె ఊరికే నిలబడి చూసేది.

ఈస్టరు ముందు శనివారం ఉదయం ఆరింటికి కర్నూల్లో అద్దె కార్లు ఇచ్చే మస్తాన్ దగ్గర కారు తీసుకున్నాం. రోజుకు రెండు వేలు, డీజిల్ మనదే. వెనక సున్నం బకెట్టు, గడ్డపార పెడుతుంటే, "ఏమప్పా, విహారానికా, గోడ కట్టనీకా?" అని నవ్వాడు. నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఎనిమిదిన్నరకు ఆత్మకూరు చేరాం. నా కూతురు లారీని దాటించినప్పుడల్లా నేను చప్పట్లు కొట్టాను. "నాయనా, గమ్మునుండు. నాకు భయమైతాది" అని కసిరింది.

ఇంకో గంటకు తారు రోడ్డు అయిపోయింది. గట్టు దిగాం. కనుచూపు మేర పగుళ్లిచ్చిన తెల్లటి ఒండ్రు. మొండి చెట్ల పైకొమ్మలకు, మా తలలకంటే ఎత్తున, చేపల వలలు వేలాడుతున్నాయి. నేల మీద గుండ్రటి పుట్టి పడవ ఒకటి బోర్లా పడి ఉంది. పక్షి కూత కూడా లేదు. టైర్ల కింద ఆలిచిప్పలు పటపటమని చిట్లుతున్నాయి. ఫోన్లో పటం చూస్తే చుట్టూ నీలం రంగే, నడుమ మా కారు గుర్తు.

వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి వచ్చాడు. "ఏ ఊరప్పా మీది?"

"ఈ ఊరే" అన్నాను.

"ఈ ఊళ్లో చేపలకు తప్ప ఎవరికీ ఇండ్లు లేవే!" అన్నాడు. అయినా మంచివాడు. ట్రాక్టరు జాడ దాటి పోతే చక్రాలు దిగబడతాయని చెప్పి, చర్చి మెట్ల వైపు చెయ్యి చూపాడు.

అప్పుడే మస్తాన్ ఫోను. అతని కారులో జాడ చెప్పే యంత్రం ఉందట. "సువార్తమ్మా, యాడుండారు? కారు నీళ్ల నడుమ చూపిస్తాండాది! కారు పోతే పోనీ, మీరు బాగుండారా?"

"బాగుండామన్నా. మా అమ్మోళ్ల ఊళ్లో ఉండాం."

"ఆడ ఊరేడిదమ్మా?" అన్నాడు. నిజమే, వానాకాలమైతే మేం నిలబడ్డ చోట, నా తల మీద మూడు నిలువుల ఎత్తున, నీళ్లు ఉండాలి కదా!

చర్చి గోడలు లేవు. ఎక్కడికీ పోని నాలుగు మెట్లు మాత్రం ఉన్నాయి. ఊరు వదిలే ముందు మార్తమ్మ ప్రతి సాయంత్రం కడపటి మెట్టు నుంచి రత్నం దాకా నడిచి అడుగులు లెక్కపెట్టుకుంది. పొద్దు పొడిచే వైపు ముప్పై ఆరు. ఆ మాట ఈ రోజు దాకా నాకు కూడా చెప్పలేదు. ఇప్పుడు కూతురి భుజం పట్టుకొని, పెదవులు కదుపుతూ నడిచి, ముప్పై ఆరు దగ్గర ఆగింది. మోకాటిలోతు తవ్వాను. ఒండ్రు, చిప్పలు, అంతే. పక్కన తవ్వాను. అదే. మార్తమ్మ చెమట పట్టిన నా వీపు తట్టి, "చాల్లేయ్యా, నీళ్లే తీసుకుపోయినాయి" అంది. నలభై ఏళ్లలో ఆమె నోట ఆశ వదులుకున్న మాట వినలేదు.

సువార్త మాత్రం మెట్ల వైపే చూస్తోంది. "అమ్మా, నీ అడుగు ఇప్పుడు జానెడుండాది. అప్పుడు నువ్వు వయసుదానివి కదా. ఉండు, నేను నడుస్తా." మెట్టు దిగి ముప్పై ఆరు అడుగులు లెక్కపెడుతూ నడిచింది. దానిది అచ్చం వాళ్లమ్మ నడక. ఎండలో వెనక నుంచి చూస్తే, ఊరు వదిలిన నాటి మార్తమ్మే నన్ను దాటి పోతున్నట్టు అనిపించి భయమేసింది. మా గుంటలు దాటి చాలా దూరం పోయి ఆగింది. అక్కడ గడ్డపార వేశాను. రెండో పోటుకే ఖంగుమంది.

బండ మీద నేను ఉలితో చెక్కిన వంకర శిలువ అలాగే ఉంది. మార్తమ్మ నేల మీద కూర్చొని చేత్తోనే సున్నం పూసింది. సువార్త కొవ్వొత్తి వెలిగించింది. ఆ తావులో అంత గాలి, అయినా అది ఆరలేదు.

వానలొస్తే మళ్లీ నీళ్లొస్తాయి, సున్నం కరిగిపోతుంది. తెలుసు. తిరిగి వస్తూ "బాధగా ఉండాదా?" అని అడిగాను. "యాడుండాడో తెలిసె గదా" అని మార్తమ్మ కారులోనే నిద్రపోయింది. ఆమె అంత నిశ్చింతగా నిద్రపోవడం ఎన్నాళ్లకు చూశానో! మీరూ మునిగిన ఊరు వెతకడానికి పోతుంటే ఒక్క మాట: లెక్క ముసలివాళ్లనే అడగండి, అడుగులు మాత్రం వయసులో ఉన్నవాళ్లతో వేయించండి.