విగ్గు తీయని హీరో

సినిమాకు పోయి సొంత కూతురి కొంపకే నిప్పు పెట్టిన తల్లిని మీరెప్పుడన్నా చూసినారా? లేదా? అయితే నన్ను చూడండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరు చాలక తిరపతి థియేటరు కావాల్సొచ్చింది.

నా కూతురు కల్పన, దాని స్నేహితురాలు దేవకి తిరపతిలో ఒకే గదిలో ఉండి ఉద్యోగాలు చేస్తా ఉండారు. దేవకి నగరి మగ్గాలోళ్ళ బిడ్డ. పాకాలలో మా ఇంటికొచ్చే కల్పన స్నేహితురాళ్ళంతా నన్ను 'పిన్నమ్మా' అంటే, ఈ పిల్ల ఒకటే 'అత్తా' అంటాది.

"వరస తప్పుతావేమే! పిన్నమ్మా అను" అని దిద్దీ దిద్దీ నా నాలుక అరిగిపోయింది. తల వంచుకొని నవ్వేది. మళ్ళా 'అత్తా'నే.

ఒకనాడు ఇద్దరూ నన్ను సినిమాకు పిల్చుకోని పోయినారు. కల్పన చెయ్యి పట్టుకుంటే ఐసుగడ్డ మాదిరి ఉండాది. ఏసీ అనుకున్నా.

తెరమీద ఇద్దరాడోళ్ళు. కలిసి వంట, కలిసి ఏడుపు, చెయ్యిలో చెయ్యి. ఎంతసేపటికీ మగపురుగు రాలేదు.

"మే, హీరో యాడ?"

"నువ్వు సూడు మా."

అప్పుడు తట్టింది నాకు. హీరో చీర కట్టుకొని ఆడోళ్ళ హాస్టల్లో దూరే సినిమాలు మనం చూడనివా? "ఆ పొడుగామె మగోడే! ఇంటర్వల్‌కి విగ్గు తీస్తాడు సూడు!" అని హాలంతా వినపడేట్టు చెప్పినా. ఇంటర్వల్ అయిపాయె, సమోసా అయిపాయె, విగ్గు మాత్రం కదల్లేదు.

చివరికి పెద్దోళ్ళు వాళ్ళిద్దర్నీ విడదీసినారు. నేను చూడలేక లేచి నిలబడినా. "దీనికింత ఏడుపెందుకప్పా! ఇద్దర్నీ ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చేస్తే తోడికోడళ్ళయి సచ్చేదాకా కలిసే ఉంటారు గదా!"

వెనక సీటాయన, "యమ్మా, నువ్వు డైరెక్టరయ్యుంటే మేమీపాటికి ఇంట్లో అన్నం తింటా ఉందుము. కూసో!" అన్నాడు.

కూర్చుంటే నేను నేనెట్లయితాను? "మే, మీకూ అదే చేస్తా. నాయుడుపేటలో అన్నదమ్ములుండారు. ఆదివారం చూడను వస్తామన్నారు."

దేవకి చటుక్కున లేచి బయటికి పోయింది. కల్పన వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఈ సినిమా ఎందుకు చూపించినానో తెలిసిందా మా? నీకు చెప్పేదానికి నాకు నోరు రాలేదు. తెరన్నా చెప్తాదనుకున్నా."

"తెర ఏం చెప్పింది? విగ్గే తియ్యకపాయె!"

"విగ్గూ లేదు, హీరో రాడు. ఆ ఇద్దరే జంట. నేనూ దేవకీ కూడా అంతే."

నా బుర్ర తిరుమల బస్సెక్కినట్టు మలుపు మలుపుకీ తిరిగింది. "అయితే... ఆ పిల్ల నాకు అల్లుడా, కోడలా?"

ఏడుపులోనే నవ్వింది నా బిడ్డ. "అదేమో మా. ముందు పోయి పిల్చుకోనిరా."

దేవకి మెట్లమీద కళ్ళు తుడుచుకుంటా కూర్చోనుండాది. నన్ను చూసి లేచి, "తప్పయింది... పిన్నమ్మా" అన్నది.

దాని చెయ్యి పట్టుకున్నా. "ఏమే, మళ్ళా వరస తప్పుతావా? అత్తా అను!"

ఇంటికి పోతానే నాయుడుపేటకు ఫోన్ చేసి రావద్దన్నా. పెండ్లికొడుకుల తల్లి, "మీ పిల్లలకు వేరే సంబంధం కుదిరిందా?" అనింది.

"కుదిరింది వదినా. ఇద్దరికీ ఒకే ఇంట్లోనే."

అల్లుడో కోడలో నాకింకా తేలలేదు. కొండవైపు తిరిగి మాత్రం ఒట్టేసినా: స్వామీ, ఇంక జన్మలో ఏ ఆడమనిషి జుట్టునూ విగ్గని అనుమానించను. జుట్టు తీసి గుండ్లు చేసేది నీకే చెల్లు!