ముందు మీరే కానివ్వండి, మేడమ్

2023 వేసవి. ఫ్రిస్కో నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే వచ్చే ఒక చిన్న టెక్సాస్ ఊరు, అందులో ఒక పాత థియేటర్, ఆదివారం మధ్యాహ్నం. హాలు వెనక కన్సోల్ ముందు నేను. కన్సోల్ అంటే వేదిక మీది మైకులూ వాయిద్యాలూ అన్నీ వచ్చి కలిసే బల్ల. ఒక్కో శబ్దానికి ఒక్కో ఫేడర్ ఉంటుంది. పైకి జరిపితే వినిపిస్తుంది, కిందికి జరిపితే వినిపించదు. సౌండ్ ఇంజినీరుగా నా ఉద్యోగం ఇంతే. దీనికోసం ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేశాను. మా ఫ్రిస్కో మిత్రులంతా ఐటీ. "క్లయింట్ ఎవరు?" అని అడుగుతారు. కంట్రీ గాయకులంటాను. కాసేపు ఆలోచించి, వాళ్ళమ్మాయి అరంగేట్రానికి మైకులు పెడతానేమో కనుక్కుంటారు.

కంట్రీ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం. దానికి ఒక యూనిఫాం ఉంది: టోపీ, బూట్లు, గిటార్. టోపీ, బూట్లు మాత్రం అసలైనవే అయి ఉండాలి. గిటార్ విషయంలో అంత పట్టింపు లేదు. చాలామంది గాయకుల గిటార్ ఫేడర్ కచేరీ అంతా కిందే ఉంటుంది. వెనక బ్యాండులో ఒకరు వాయిస్తూంటారు, ముందున్నాయన చెయ్యి ఊపుతూంటాడు. దీన్ని నేను మోసం అనను. పౌరాణిక నాటకంలో గద బరువెంతని ఎవరూ అడగరు కదా.

మా గాయకుడు క్లేకి ముప్పై ఏళ్ళుంటాయి. గొంతు బంగారం. గిటార్ గురించి ఆయనకు తెలిసిందల్లా అది ఏ భుజానికి తగిలించుకోవాలన్నదే. పొరపాటున మోగకుండా తీగల కింద స్పాంజి ముక్క దూర్చి ఇచ్చేవాళ్ళం. ఆయన బదులు వాయించేది నిఖిల్. అమెరికాలోనే, అరోరాలో పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్ళమ్మ కర్నాటక సంగీతానికి పంపిస్తే పక్క గదిలో గిటార్ క్లాసుకు వెళ్ళి కూర్చున్నాడట. హెడ్‌సెట్‌లో మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం, గుట్టు మిగతావాళ్ళకు తెలియకూడదని. అదే మాట క్లే చెవిలోకీ వెళ్ళేది కాబట్టి ఆయనకూ కాస్త తెలుగు అబ్బింది. "చెయ్యి", "ఆపు", "తల ఊపు" వరకు.

ఆ రోజు బ్యాండు లేదు. ఆనాటిది గిటార్ పుల్. గాయకులు కుర్చీలు వేసుకుని పక్కపక్కన కూర్చుని, ఎవరి గిటార్ వారే వాయిస్తూ వంతులవారీగా పాడతారు. క్లే పక్కన కూర్చోబోయేది జూన్. డెబ్బై దాటిన పెద్దావిడ. టెక్సాస్‌లో ఆవిడ పాట రానివాళ్ళు తక్కువ.

"రవీ, ఆవిడ పాటలు వింటూ పెరిగాను నేను. రానంటే ఈ అదృష్టం మళ్ళీ రాదు. వస్తే నా సంగతి తెలిసిపోతుంది," అన్నాడు క్లే పొద్దున.

"తెలిస్తే తిడుతుందా?"

"తిట్టదు. నవ్వి ఊరుకుంటుంది. అదే నా భయం."

అందుకని నిఖిల్‌ని వేదిక వెనక నల్ల తెర చాటున కూర్చోబెట్టాం.

సౌండ్ చెక్ అయ్యాక పెద్ద మీసాలాయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. పేరు ఎర్ల్. జూన్ దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నారు. వంగి నా చెవిలో అన్నారు:

"ఆవిడ గిటార్ మ్యూట్ చెయ్యండి. కీళ్ళ నొప్పులు, వేళ్ళు వంగడం లేదు. తెర వెనక నుంచి నేను వాయిస్తాను. ముఖ్యంగా ఆ క్లేకి తెలియకూడదు. తన చెయ్యి చూసి నేర్చుకోవడానికి వస్తున్నాడనుకుంటోంది పాపం."

సరేనన్నాను. క్లే గుట్టు ఎర్ల్‌కి చెప్పే అధికారం నాకు లేదు, ఎర్ల్ గుట్టు క్లేకి చెప్పే అధికారమూ లేదు. కాసేపటికి హెడ్‌సెట్‌లో నిఖిల్ గుసగుస. నయం, క్లే ఇంకా తన ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు.

"అంకుల్, ఇక్కడ ఇంకో గిటార్ మనిషి ఉన్నాడు! బిగ్ మీసం."

"తెలుసు."

"ఏం చేస్తున్నాడు ఇక్కడ?"

"నువ్వు చేసేదే."

"ఓ మై గాడ్. జూన్ కూడానా? అంటే బయట ఇద్దరూ ఫేక్ చేస్తున్నారా?"

"అరవకు. ఆయనకు కాస్త జరిగి చోటివ్వు."

కచేరీ చక్కగా సాగింది. బయట ఇద్దరు చేతులు ఊపారు, లోపల ఇద్దరు వాయించారు. క్లే చూపు జూన్ వేళ్ళ మీద, జూన్ చూపు క్లే వేళ్ళ మీద. ఇద్దరి ముఖాల్లోనూ బోలెడు గౌరవం.

అంతలో ముందు వరుసలోంచి ఒక పెద్దాయన అరిచాడు. "జూన్! పాతకాలం లాగా, ఒకటే గిటార్!"

హాలంతా చప్పట్లు. పూర్వం ఒకే గిటార్‌ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని పాడేవారట, గిటార్ పుల్, అంటే గిటార్ లాగుడు, అన్న పేరు అందుకే వచ్చిందంటారు. థియేటర్ యజమాని ఉత్సాహంగా వెళ్ళి గోడకు వేలాడే పాత గిటార్ దించి తెచ్చి జూన్ ఒళ్ళో పెట్టాడు. దానికి వైరు లేదు, స్పాంజి లేదు. హాలు చిన్నది కాబట్టి అది మోగితే చివరి వరుస దాకా వినిపిస్తుంది. మోగకపోయినా తెలుస్తుంది.

జూన్ దాన్ని ముద్దుగా నిమిరి క్లేకి అందించింది. "చిన్నవాడివి, ముందు నువ్వు."

"అయ్యో, మీ ముందా? ముందు మీరే కానివ్వండి, మేడమ్."

"నా పాటలు అందరూ విన్నవే నాయనా. తీసుకో."

"మీ చేతిలో ఉంటేనే దానికి అందం, మేడమ్."

హోటల్లో బిల్లు కోసం కొట్టుకునే మనవాళ్ళు కూడా ఇంత పట్టుదల చూపించరు. ఇద్దరి మర్యాదకూ జనం మురిసిపోతున్నారు. క్లే ముఖం మాత్రం టోపీ కింద పాలిపోయింది.

"అంకుల్, నేను వాయించనా?" అన్నాడు నిఖిల్.

"గిటార్ గాల్లో ఉంది. ఎవరు వాయించారని చెబుతాం?"

జూన్ క్లే వైపు వంగడం చూసి ఇద్దరి మైకులూ మ్యూట్ చేశాను. హాలుకు వినిపించకపోయినా నా హెడ్‌ఫోన్‌కి వినిపిస్తుంది.

"నాయనా, కాస్త నా పరువు కాపాడు. నా వేళ్ళు రిటైరై రెండేళ్ళయింది."

క్లే కూడా ఆవిడ వైపు వంగాడు.

"నావి అసలు ఉద్యోగంలోనే చేరలేదు, మేడమ్."

జూన్ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మొదలైన నవ్వుకి మైకు అవసరం రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి బొటనవేలు పైకెత్తింది. ఆవిడ మైకు తెరిచాను. క్లే వైపు చూశాను. అతను తల ఊపాడు. అతనిదీ తెరిచాను. ఇద్దరూ అవే మాటలు జనానికి చెప్పారు.

గిటార్ అడిగిన పెద్దాయనే లేచి అడిగాడు. "మరి ఇంతసేపూ వాయించిందెవరు?"

క్లే తెర వైపు తిరిగి, "నిఖిల్, రా!" అన్నాడు. మనవాడు వెలుగులో కళ్ళు చిట్లించుకుంటూ వచ్చాడు, వెనక ఎర్ల్. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. గోడ గిటార్ నిఖిల్ అందుకున్నాడు. గిటార్ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక క్లే టోపీ తీసి ఒళ్ళో పట్టుకున్నాడు. జూన్‌తో కలిసి ఆవిడ పాటే పాడాడు. నేను విన్నంతలో అతను పాడిన వాటిలో అదే ఉత్తమం.

ఇద్దరు ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నది ఒకే సంగతని తెలిసిన మూడో మనిషి చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. మైకు ఎప్పుడు మూయాలో చూసుకోవాలి, తెరవమన్నప్పుడు ఆలస్యం చేయకూడదు. మూయడం నాకు ముందే వచ్చు. రెండోది ఆ రోజు నేర్చుకున్నాను.

క్లే ఆ తర్వాత నిఖిల్ దగ్గర పాఠాలు మొదలుపెట్టి, వేలి కొసలు బొబ్బలెక్కడంతో మానేశాడు. "నిజం చెప్పడమే సులువు రవీ, ప్రాక్టీసు అక్కర్లేదు," అన్నాడు. గిటార్ మాత్రం ఇప్పటికీ తగిలించుకునే వస్తాడు. మొదటి పాటకు ముందు నిఖిల్‌ని తన పక్కకు పిలిచి జనానికి పరిచయం చేస్తాడు: "ఈ గిటార్ నాది. వినబోయేది ఇతనిది."