అక్క రాసిన సంఖ్య

నిన్న మెట్లు కడిగిన ఫినాయిల్ వాసనకు హనుమకొండ దవాఖానలో అక్క మంచం గుర్తొచ్చింది. డెబ్బైల చివర, నేను నాలుగో తరగతి. పదో తరగతి చదివే అక్కకు జ్వరం నెలైనా తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం అక్క నా పలక మీద 142857 అని రాసి, "రెండుతోని గుణించు చెల్లే" అంది. 285714 వచ్చింది. మూడుతో 428571. ఆరు దాకా అవే అంకెలు చోట్లు మారాయి.

"ఒక్కటన్న తప్పిపోయిందా?" అంది అక్క.

కొత్తవాడలో మా ఇంట్లోనూ ఆరుగురమే. "అయితే మన ఇంట్ల గూడ ఎవ్వలు పోరు గదా అక్కా?" అన్నాను.

"పోరు" అంది. ఏడుతో చేస్తానంటే, "ఇగ చాలు, జర పండుకుంట" అని పలక తీసేసుకుంది.

ఆ వారమే అక్క పోయింది. దినాలయ్యాక ఏడుతో గుణించాను. 999999 వచ్చింది. పాత అంకెల్లో ఒక్కటీ మిగల్లేదు. అక్కకు అది ముందే తెలుసని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.