క్రేన్ దిగిన మావయ్య

భిలాయిలో మా పక్క క్వార్టర్ మావయ్య ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. కరిగిన ఉక్కు నిండిన కుండను చుక్క తొణక్కుండా దించేవాడు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన మరుసటి ఏడాది, ఆ పనితనం చూసి ఆయన్ని సూపర్‌వైజర్‌ని చేశారు. ఒకరికి పని చెప్పడం మాత్రం ఆయనకు చేతకాలేదు. "నువ్వుండు భయ్యా, నాను సేసెస్తాను" అని అందరి పనీ తానే చేసేవాడు.

ఒకరోజు, డ్యూటీలో నిద్రపోయిన కార్మికుడి మీద రిపోర్టు రాయమన్నారు. ఆయన ఇంటికొచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను.

"ఏటి, రాసీసినావా?" అంది అత్తయ్య.

"రాసీసినాను. పడుకున్నోణ్ణి నానే అని రాసీసినాను."

వారం తిరిగేసరికి సస్పెన్షన్ కాగితం వచ్చింది. అత్తయ్య ఏడ్చింది. మావయ్య దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి ఎవులికీ ఏటీ సెప్పక్కర్లేదు" అన్నాడు.