లావణ్య పాలు చేపిన రోజు

అది 2024, వానలు మొదలైన రోజులు. సోలాపూర్ భవాని పేట్‌లో, తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాల మధ్య, బాలింతలను చూసే నర్సుగా నాకు అప్పటికే చాలా ఏళ్లు. పాల విషయంలో నన్ను మించినవాళ్లు పేటలో లేరని కొంచెం గర్వం కూడా ఉంది.

లావణ్యది తొలికాన్పు. పేటలో ఉన్నన్నాళ్లు పక్కగదిలో భర్త సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే ఆ చప్పుడులోనే పాపకు కడుపునిండా పాలిచ్చింది. బాలింతకు శాంతి కావాలని అత్త రాజవ్వ ఆమెను ఊరి బయట కుంభారిలో ప్రభుత్వ పథకం కింద వచ్చిన కొత్త ఇంటికి తీసుకుపోయింది. అక్కడికి పోగానే పాలు రావడం ఆగిపోయింది. నేను వెళ్లేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. రాజవ్వ పాలపొడి డబ్బా మూత తీస్తోంది.

"పాలు ఎండిపాయె సిస్టర్. దీని నసీబే గంత," అంది.

లావణ్య తల ఎత్తలేదు. "తింటున్న, పంటున్న. ఇంకేం జెయ్యాలె సిస్టర్?"

చూస్తే రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. "ఎండలే. మస్తు నిండినై, దిగుతలెవ్వు," అన్నాను.

పాలను తయారుచేసేది ప్రొలాక్టిన్ అనే హార్మోన్. మామూలప్పుడు మెదడులోని డోపమిన్ దాన్ని అదుపులో పెడుతుంది. బిడ్డ చప్పరించగానే ఆ పట్టు సడలుతుంది. తయారైన పాలను బయటికి నెట్టేది ఆక్సిటోసిన్. దూడను చూడగానే ఆవు చేపడం దీని పనే. మనసులో బెదురుంటే మెదడు దాన్ని సరిగా వదలదు.

ఇది వాళ్లకు చెబుతుండగానే లావణ్య భర్త పేటలోని ఇంటి కార్ఖానా నుంచి వీడియో కాల్ చేశాడు. వెనక సాంచెలు టకటకలాడుతున్నాయి. మాట్లాడుతున్న లావణ్య మధ్యలో ఆగిపోయింది. రవిక తడిసిపోయింది.

"ఫోన్ బంద్ చెయ్యకు తమ్మీ. సాంచెల దిక్కు పట్టు," అని, టవల్ కప్పి పాపను ఒళ్లో పెట్టాను. కాసేపటికి గుటకలు వినిపించాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా సాంచెలు ఇన్నేండ్లు కూడు వెట్టినై. ఇప్పుడు పాలు గూడ ఇచ్చినై," అంది రాజవ్వ.

నేను ఊరుకోలేదు. "పాలిచ్చింది నీ కోడలు. నసీబన్నవ్ గద, ఇప్పుడు ఏమంటవో దానికే చెప్పు."

రాజవ్వ డబ్బాకు మూత పెట్టి కోడలి పక్కన కూర్చుంది. "తప్పైంది బిడ్డా. నీ పాలే మస్తు." అప్పుడు తలెత్తింది లావణ్య.

మర్నాడే ఆటోలో పేటకు తిరిగొచ్చారు. అప్పటినుంచి పాలు రావడం లేదన్న తల్లిని ఏం తింటున్నావని మొదట అడగను. ఎక్కడుంటే నీకు నిమ్మళమని అడుగుతాను.

ఇప్పుడు పేటలో బాలింతలను నా దగ్గరికి తోలుకొచ్చేది రాజవ్వే. "శాంతి గీంతి తర్వాత. దానికి యాడ నిమ్మళమో ముందుగాల అడుగు సిస్టర్," అని నాకే పాఠం చెబుతుంది.